బీడీయు దూరవాణియు

ఈ సంవత్సరపు సంచికకు ఆరోగ్యవిషయమున నొక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు మమ్ము కోరినప్పుడు, గడచిన యేండ్లలో వలెనే దంతధావనమును గుఱించియో, కాచి చల్లార్చిన నీటిని గుఱించియో రెండు పుటలు నింపి యిత్తమని తొలుత తలంచితిమి. అట్టివి వ్రాయుట మాకు కష్టము కాదు. చదువుట మీకు కష్టమని యెఱుగుదుము. కాని యీ యేడు మా తరగతి బాలుడొకడు మాతో నొక మాట యనెను. దానికి మేమప్పుడు ప్రత్యుత్తర మీయలేదు. ఇప్పు డిచ్చుచున్నాము.

విద్యాలయములకు నూఱు గజముల లోపల పొగాకు వస్తువులను అమ్మరాదని 2003 సంవత్సరపు చట్టము శాసించుచున్నది. ఆ యెల్ల తెలియునట్లు బాటమీద పసుపుపచ్చని గీత గీయు పని యీ యేటి జూలై మాసమున మా వంతునకు వచ్చెను. తొమ్మిదవ తరగతి పిల్లలను నలుగురిని వెంటబెట్టుకొని, పాఠశాల ద్వారము మొదలుకొని టేపుతో కొలుచుచు పోతిమి. నూఱు గజములనగా 91 మీటర్లకు కొంచె మెక్కువ. గీత పడిన చోటికి పదిపన్నెండడుగుల యవతల నొక టీ అంగడి కలదు. ఉదయపు విరామమునను, మధ్యాహ్నమునను, బడి విడిచిన పిమ్మటను మేము పోయి, దాని వెనుకతట్టు గోడచాటున నిలిచి బీడీ కాల్చు నంగడి యదియే. ఆ సంగతి యెవ్వరికిని తెలియదని మా నమ్మకము. టేపు కొన పట్టుకొన్న బాలుడు గీతను చూచి, అంగడిని చూచి, "సార్, అంగడి గీతకు అవతలే ఉంది. మీకేం ఇబ్బంది లేదు సార్" అనెను.

వాడు వెక్కిరింపలేదు. వెక్కిరించి యుండిన కోపగించి యూరకుండెడివారము. గజముల లెక్కలో తన యుపాధ్యాయుడు నిర్దోషి యని తేలినందుకు వాడు నిజముగా సంతసించెను. ఆ సాయంకాలము మేము గీత దాటి యంగడికి పోయినప్పుడు రంగు ఇంకను ఆఱలేదు. మా చెప్పు కొనకు పసుపు అంటెను. ఇంటికి పోయి నూనెగుడ్డతో తుడిచినను అది పోలేదు.

మాది నంబులపూలకుంట మండలములోని యొక పల్లె. 2022 వఱకు అది అనంతపురము జిల్లాలో నుండెను. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. జిల్లా పేరు మాఱినను వాన తీరు మాఱలేదు. వేరుసెనగ వేయుట, మొగము మీదికెత్తి మబ్బును చూచుట, ఇవి మా వారి రెండు వృత్తులు. 2016లో ఇచ్చట 250 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము ఏర్పడిన తరువాత పరదేశములవారు సైతము మా మండలము పేరు పలుకుచున్నారు. మమ్ము ఇంతకాలము ఎండగట్టిన సూర్యుడే యిప్పుడు కొంత అద్దె చెల్లించుచున్నాడని మా యన్న యనును.

మా చేలలో కాలమును, దూరమును గూడ బీడీతో కొలుతురు. ఆ గట్టు రెండు బీడీల దూరము. ఈ సాలు ముగియుటకు ఇంకొక బీడీ సేపు. కాయ పెఱుకు దినములలో బీడీ కాల్చువాడు నడుము నెత్తి గట్టుమీద కూర్చుండవచ్చును, వాని నెవ్వరును ఏమనరు. కాల్చనివాడు ఊరక కూర్చున్న సోమరి యందురు. పదునైదవ యేట మేము బీడీ నేర్చినది రుచికొఱకు కాదు, కూర్చుండుటకొఱకు. పెద్దలు దుర్వ్యసనములను గుఱించి వ్రాయునప్పుడు చెడు సహవాసము మొదలగు కారణములు చెప్పుదురుగాని, నడుము నొప్పిని ఎవ్వరును చెప్పినట్లు మాకు తోపదు.

మా నాయనగారు కడపటి మూడేండ్లు పడుకొని నిద్రింపలేదు. పడుకొనిన ఊపిరాడదు, గోడకు చేరగిలబడి కూర్చుండియే తెల్లవార్చెడివారు. ఆయన పోయిన రాత్రి అన్నయు మేమును అరుగుమీద కూర్చుండి, మాటలు రాక, ఒక కట్ట బీడీలు కాల్చితిమి. ఆయన దేనిచేత పోయెనో యెఱిగియే కాల్చితిమి.

బీడీ ఆకుతో చుట్టినది గనుక సిగరెట్టుకంటె మేలని పల్లెలలో నొక నమ్మకము కలదు. అది వట్టిమాట. తునికి ఆకు కాగితమువలె సులువుగా కాలదు. ఆఱిపోకుండ గట్టిగను, మాటిమాటికిని పీల్చవలెను. అందుచేత విషవాయువు లోనికి పోవుట తగ్గదు. భారతదేశమున 2016–17లో జరిగిన లెక్కలో పెద్దవారిలో 28.6 శాతము ఏదో యొక రూపమున పొగాకు వాడుచుండిరి. 10.7 శాతము పొగ త్రాగువారు. వారిలో సిగరెట్టువారికంటె బీడీవారే యెక్కువ. ఆ త్రాగువారిలో సగముకంటె నెక్కువమంది మానవలెనని తలంచుచున్నవారే యని యా లెక్కయే చెప్పుచున్నది. కావున మానుడని బోధించుట యంతటితో వృథా. వారికి ఆ సంగతి తెలియును. మాకును తెలిసియే యుండెను.

మేము మూడు పర్యాయములు మానితిమి. మొదటిది మా యమ్మాయి పుట్టినప్పుడు; పదునొకండు దినములు. రెండవదానిని గుఱించి చెప్పుట కేమియు లేదు. మూడవది దగ్గు ముదిరి యొక యాసుపత్రికి పోయినప్పుడు. రెండు గంటలు వరుసలో కూర్చున్న పిమ్మట లోనికి పోతిమి. వైద్యుడు ఎక్సురే పటమును వెలుతురునకు పట్టి చూచి, "బీడీ మానేయండి" అని, గంట కొట్టి తరువాతివారిని పిలిచెను. ఆ మాట సత్యమే. తరగతిలో మేమును దానిని ఎన్నియో మాఱులు చెప్పియుంటిమి. ఎట్లు మానవలెనో ఆయన చెప్పలేదు. మేమును పిల్లలకు చెప్పియుండలేదు.

పీల్చిన పొగలోని నికోటిన్ కొన్ని లిప్తలలో మెదడునకు చేరును. ఏండ్ల తరబడి దాని కలవాటుపడిన మెదడు, అది రానప్పుడు పేచీ పెట్టును. నిద్ర పట్టదు, మనసు నిలువదు, ఊరక కోపము వచ్చును. మొదటి రెండు మూడు దినములలో ఆ బాధ మిక్కుటమై, రెండు మొదలు నాలుగు వారములలో క్రమముగ తగ్గును. ఇది తెలియనందున మూడవ దినమున మా చేతకానితనమే యిట్లు బాధించుచున్నదని తలంచి, ఒక పిల్లవానిని నిష్కారణముగ తిట్టి, గోడచాటునకు పోతిమి.

ఇప్పుడు చెప్పబోవు సంగతికి నవ్వు వచ్చును. మేము కనబడిన దెల్ల చదువు స్వభావము గలవారము. పొట్లము కట్టిన కాగితమును గూడ విప్పి చదువుదుము. అట్టి మేము 2018 మొదలు బీడీకట్టలమీదను, సిగరెట్టు పెట్టెలమీదను అచ్చుపడుచున్న యొక సంఖ్యను, దినమున కొక కట్ట చొప్పున చింపుచునే, ఒక్కమాఱైనను చదువలేదు. చెప్పునకు రంగంటిన రాత్రి మేడమీద కూర్చుండి కట్ట విప్పబోవుచు దానిని చదివితిమి. 1800-11-2356. పొగాకు మానగోరువారు డబ్బు చెల్లింప నక్కరలేక పిలువదగిన దూరవాణి సంఖ్య యది. ఈ జాతీయ సేవ 2016 మే మాసమున ఢిల్లీలోని వల్లభాయి పటేల్ వక్షోవ్యాధుల సంస్థలో ప్రారంభమైనది. తరువాత బెంగళూరులోని నిమ్‌హాన్స్ మొదలగు చోట్ల శాఖ లేర్పడినందున దక్షిణదేశపు భాషలవారికి తమ భాషలోనే మాటలాడు వీలు కలిగినది.

మఱునాడు పిలిచితిమి. సోమవారము. ఎవ్వరును పలుకలేదు. ఆ దినము వారికి సెలవని తరువాత తెలిసినది. మేమైతే అప్పుడు, "చూచితివా, మన ప్రయత్నము మనము చేసితిమి" అని మనస్సునకు చెప్పుకొని సుఖముగ నొక బీడీ ముట్టించితిమి. మానలేనివానికి సాకు చిన్నదైనను చాలును. మంగళవారము సాయంకాలము మరల పిలుచుటకు కారణము చెప్పుమన్న చెప్పలేము. బహుశః చెప్పుమీది రంగే కావచ్చును.

తెలుగు కోరితిమి. ఒకామె పలికెను. పేరు, వయస్సు అడిగెను. లేచిన పిమ్మట ఎంతసేపటికి మొదటి బీడీ కాల్తురనెను. లేవకమునుపే యని చెప్పుటకు సిగ్గుపడి, అర్ధగంట యంటిమి. దినమున కెన్ని, ఏది విడుచుట మిక్కిలి కష్టము, ఇంటిలో మఱెవ్వరు కాల్తురు, మునుపు మానినప్పుడు ఎన్నవ దినమున తప్పితిరి — ఇట్లడుగుచు పోయెను. ప్రశ్నలడుగుట మా వృత్తి. మమ్ము ప్రశ్నించినవారు లేరు. మఱియు ఆమె ప్రశ్నలలో, తెలిసియే యడిగి తప్పు పట్టుకొను మా వంటి యుపాధ్యాయుల ధోరణి లేదు. తుదకు, "మీరు ఎందుకు మానాలనుకుంటున్నారు సార్?" అనెను. ఆరోగ్యముకొఱకని చెప్పబోయి, పసుపు గీత కథ యంతయు చెప్పితిమి. మా ఇంటివారికి గూడ అప్పటికి చెప్పలేదు.

విడుచుట కొక దినము నిర్ణయింపుమనెను. వచ్చు గురువార మంటిమి. ఆ లోపల కట్టలు, అగ్గిపెట్టెలు ఇంటనుండి తీసివేయవలెను, ఇంటివారికి చెప్పవలెను. కోరిక పుట్టినప్పుడు దానితో పోట్లాడక, కొంచెము జాగు చేయవలెను, నీరు త్రాగవలెను, మెల్లగ నూపిరి పీల్చి విడువవలెను, చేతికి వేఱొక పని యీయవలెను. ఎంత తీవ్రమైన కోరికయైనను కొలదినిముషములలో సన్నగిలును. బీడీతో కాలము కొలిచిన మాకు, బీడీ లేక ఆ కొలదినిముషములు కొలుచుటయే పాఠమయ్యెను. నికోటిన్ గల 2 మిల్లీగ్రాముల నమలు బిళ్ల మందుల దుకాణమున వైద్యుని చీటీ లేకయే దొరకును. ఇది 2022లో దేశపు అత్యవసర ఔషధముల పట్టికలో చేరినది. దానిని చూయింగుగమ్మువలె నమలరాదు. కారము తగులువఱకు మెల్లగ నమిలి, బుగ్గలో నొదిగించి, కారము తగ్గిన పిమ్మట మరల నమలవలెను. మేము మొదటి దినము తొందరపడి నమలి, ఎనిమిదవ తరగతి యెదుట నిలిచి వెక్కిళ్లు పెట్టితిమి. పిల్లలు మర్యాదకు నవ్వలేదు.

గురువారమున ఆమె మరల పిలిచెను. పిలిచెదనని చెప్పిన దినమున పిలిచెను. ఇందులో విశేషమేమని మీరనవచ్చును. చదువరులారా, మాకు జీవితమున ఉపదేశము చేసినవారు వందలు కలరు. ఉపదేశించి, "ఏమైనది?" అని నాలుగవనాడు అడిగినవారు లేరు. మూడవ దినపు చీకాకులో మేముండగా మఱల దూరవాణి మ్రోగెను. ఈ చీకాకు రోగలక్షణమేగాని మీ చేతకానితనము కాదని చెప్పెను. మునుపు ఆ వాక్యమొక్కటి తెలిసియుండిన ఆ పిల్లవాడు తిట్లు తినకపోయెడివాడు.

తొమ్మిదవ దినమున బస్సుకొఱకు నిలిచియుండగా, చిన్ననాటి స్నేహితుడొకడు కట్ట చాచెను. ఒకటి తీసితిమి. రెండు దినముల తరువాత ఆమె పిలిచి యెట్లున్నారనగా, "బాగున్నాము, ఒక్కటియు ముట్టలేదు" అంటిమి. ఆమె సంతోషమని చెప్పి క్షణకాలము మౌనముగ నుండెను. ఆ నిశ్శబ్దము మేము భరింపలేకపోతిమి. "లేదమ్మా, ఒకటి తాగినాము" అని చెప్పివేసితిమి. "ఒకటే కదా సార్, కట్ట తాగలేదు కదా. అప్పుడు ఎవరున్నారు పక్కన?" అని, ఏమియు జరుగనట్లు ఆమె మరల పని మొదలుపెట్టెను.

దీనిని గుఱించి తరువాత చాల ఆలోచించితిమి. దూరవాణిలో బీడీ కంపు తెలియదు. అబద్ధమాడినవానిని పట్టుకొనుట కుపాయము లేదు. ఇది యీ దూరవైద్యపు లోపమని యెవ్వరైనను చెప్పుదురు. కాని మేము నిజము చెప్పగలుగుటకును కారణ మదియే. మా యూరి వైద్యునియెదుట మేము అయ్యవారలము, ఫలానావారి కుమారులము. అక్కడ తల వంచిన మఱునాడు బజారులో తల యెత్తవలెను. ఆమెకు మా మొగము తెలియదు. మేమెన్నడును ఆమెను చూడబోము. మొగము లేనిచోట సిగ్గు తక్కువయై సత్యము పైకి వచ్చినది.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున 1985లోనే పొగ మానగోరువారికి దూరవాణి సహాయ మేర్పడినది. పుస్తకమొకటి చేతికిచ్చి పంపబడినవారికంటె, మరల మరల పిలిచి పలుకరింపబడినవారు ఎక్కువమంది మానుచున్నారని పరిశోధనలు తేల్చినవి. మన తెలుగునేలపైన గూడ దూరవైద్యము పాతదే. చిత్తూరు జిల్లా అరగొండలో 2000 సంవత్సరము మార్చి 24న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చేత దూరవైద్య కేంద్రము ప్రారంభింపబడినది. 2020 ఏప్రిలునుండి ఇంట నుండియే వైద్యునితో మాటలాడుటకు కేంద్రప్రభుత్వపు ఈ–సంజీవని సేవ కలదు. గ్రామ ఆరోగ్య కేంద్రములనుండి పెద్ద వైద్యులకు చూపించుటకు అంతకు పూర్వము 2019లోనే యది మొదలైనది. మన పొగాకును దేశదేశములకు పంపు వ్యవహారము చూచు పొగాకు బోర్డు 1976 మొదలు గుంటూరుననే యున్నదని పిల్లలు భూగోళపాఠమున చదివియుందురు. ఒక చేత పండించి మఱొక చేత మాన్పుట లోకమునకు క్రొత్త గాదు గనుక దానిని విడుతుము.

మా సంగతి యిట్లుండగా, మా యన్న సంగతి వేఱు. ఆయనకు అఱువది యేండ్లు నిండవచ్చినవి. దినమునకు రెండు కట్టలు. మిట్టకు నడచునప్పుడు రెండుమాఱులు నిలువవలసి వచ్చుచున్నది. రాత్రులు తలక్రింద మూడు దిండ్లు పెట్టుకొనుచున్నాడని వదిన చెప్పినప్పుడు మాకు గోడకు చేరగిలబడిన నాయన కన్నులకు కట్టెను.

దసరా సెలవులలో ఇంటికి పోయి, ఆ సంఖ్యకు మా చేతితో పిలిచి, దూరవాణిని ఆయన చెవికి పెట్టితిమి. అన్న రెండు మాటలు పలికి, "నువ్వు మాట్లాడు" అని వదిన చేతికిచ్చి చేనికి పోయెను. సాయంకాలము మేమడుగగా, "కనపడని మనిషికి ఏం చెప్పేదిరా? ఎదురుగా ఉంటే మొగం చూసైనా చెప్పొచ్చు" అనెను. మాకు వరమైనది ఆయనకు అడ్డమయ్యెను. మా సిద్ధాంతము మా యింటిలోనే నిలువలేదు.

మఱునాడు గ్రామ ఆరోగ్య కేంద్రమునకు తోడ్కొని పోతిమి. అన్న ఉతికిన చొక్కా తొడిగికొని వచ్చెను. నర్సమ్మ ఈ–సంజీవనిలో వైద్యుని పిలిచెను. తెరమీద మొగము కనబడగనే అన్న లేచి నిలిచి చేతులు జోడించెను. కూర్చుండుమన్నను కూర్చుండలేదు. వైద్యుడు ఓపికతో పది నిముషములు మాటలాడెను. మందు వ్రాసెను. కాని ఊపిరి బలమును కొలుచు పరీక్ష తెరమీద కాదని, యంత్రమున్న పెద్ద యాసుపత్రికి పోవలసినదే యనియు స్పష్టముగ చెప్పెను. అనంతపురము నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము. పోయి రాగా ఒక దినపు కూలి, ఇద్దరి బస్సు ఖర్చు. దూరవైద్యము ఎన్ని మైళ్లు తగ్గించినను కొన్ని మైళ్లు మిగులుచునే యున్నవి. డిసెంబరులో తీసికొనిపోయి ఆ పరీక్షయు చేయించితిమి. ఊపిరితిత్తులలో పోయినది తిరిగి రాదు, మానినచో ఇక పోవుట నెమ్మదించునని అక్కడ చెప్పిరి.

తిరుగుప్రయాణమున బస్సులో అన్నకొక లెక్క చెప్పితిమి. ఇంగ్లండులో వేలకొలది వైద్యుల జీవితములను ఏబది సంవత్సరములు గమనించి 2004లో ప్రకటించిన లెక్క యది: సిగరెట్టును ముప్పదవ యేట మానినవాడు పది సంవత్సరముల ఆయుస్సును, నలువదవ యేట తొమ్మిదియు, ఏబదవ యేట ఆఱును, అఱువదవ యేట మానినవాడు మూడును దక్కించుకొనును. "నీకు మూడేండ్లు, అన్నా. అంటే మూడు చెనిక్కాయ పంటలు" అంటిమి. అన్న కిటికీలోనుండి ఎండిన చేలను చూచుచు, "వాన పడే ఏండ్లా, పడనివా?" అనెను. బస్సులో ముందు కూర్చున్నవారు గూడ నవ్విరి. మేము లెక్కలయ్యవారలమయ్యును ప్రత్యుత్తరము తోపలేదు.

నాటినుండి ప్రతిరాత్రియు ఏడు గంటలకు మేమే అన్నను పిలుచుచున్నాము. మేము కనబడకున్నను ఆయనకు మా మొగము తెలియును, అది చాలినట్లున్నది. ఎన్ని కాల్చితివని మాత్రమే యడుగుదుము. ఉపదేశము లేదు. మొదట ముప్పది, తరువాత ఇరువది, సంక్రాంతికి ఇరువదియైదు, ఆ పిమ్మట పండ్రెండు. ఒకనాడు ఆయన చెప్పిన సంఖ్యకు వెనుకనుండి వదిన వేఱు సంఖ్య చెప్పెను. మేము మాటలాడక కొంతసేపు ఊరకుంటిమి. ఆ మౌనము మేము ఎవరివద్ద నేర్చితిమో మీకు తెలియును.

మేము మాని ఆఱు మాసములైనది. గీతకవతలి యంగడిలో ఇప్పుడును టీ త్రాగుదుము, ముందరి బల్లమీద కూర్చుండి. టేపు పట్టిన బాలుడు ఇది చదువునేమో. చదివిన, వాని మాటకు ఇదియే మా ప్రత్యుత్తరము. మొన్న ఆదివారము ఏడు గంటలు కాకమునుపే మా దూరవాణి మ్రోగెను. అన్నయే పిలిచెను. "ఈ పొద్దు నాలుగే" అని, మేము మాటలాడబోవులోపల, "వదినను అడగాల్సిన పని లేదు" అని, దగ్గుచు పెట్టివేసెను.